వట్టి వేళ్ళతో నారి లాగితే కాయలు కాస్తాయి సరే, మరి నరం సంగతేంటి?

తమ్ముడూ, నువ్వు అన్నా అని పిలిచి అడిగావు కాబట్టి నేనూ చనువుగానే రాస్తున్నా. నువ్వు చెప్పింది మళ్ళీ ఒకసారి ఇక్కడ పెడతా, చదివే మిగతావాళ్ళకి కూడా అర్థమవ్వాలి కదా. 40 పౌండ్ల లాంగ్‌బో (పొడవాటి విల్లు, నారి పూర్తిగా లాగడానికి 40 పౌండ్ల బలం కావాలి) కొన్నావు, పదహారు రోజులుగా రోజుకి 120 బాణాలు వట్టి వేళ్ళతో వేస్తున్నావు, నడిమి వేలి మీద బొబ్బ లేచి పగిలింది, రెండ్రోజుల నుంచి పొద్దున బ్రష్ పట్టుకుంటే ఆ వేలి కొన తిమ్మిరిగా ఉంటోంది. నీ ఫ్రెండేమో గ్లవ్ వేసుకుంటే నారి ఫీల్ పోతుంది, పూర్వం వాళ్ళంతా వట్టి చేత్తోనే వేశారు, పటిక నీళ్ళలో వేళ్ళు ముంచుతూ ఉండు నెలలో కాయలు కాస్తాయి అన్నాడు. అది నిజమేనా, ట్యాబ్ (వేళ్ళకీ నారికీ మధ్య పెట్టుకునే తోలు ముక్క) కొనాలా గ్లవ్ కొనాలా, థంబ్ రింగ్ (బొటనవేలికి పెట్టుకునే ఉంగరం) అయితే ఎలా ఉంటుంది అని అడిగావు.

అన్నిటికన్నా ముందు, ఇవాళ్టి నుంచి విల్లు పక్కన పెట్టెయ్. బొబ్బ కోసం కాదు, బొబ్బ వారంలో మానుతుంది. ఆ తిమ్మిరి కోసం.

ఎందుకంటున్నానో చెప్తా. ప్రతి వేలికీ అరచేతి వైపు, రెండు పక్కలా రెండు నరాలు వెళ్తాయి, వాటి మీద కాస్త కొవ్వు, దానిమీద చర్మం, అంతే. 40 పౌండ్లంటే 18 కిలోలు. ఆ 18 కిలోలు సుమారు మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న తాడు మీద మోపి మూడు వేళ్ళ మీద వేస్తున్నావు, అందులో పెద్ద వాటా నడిమి వేలిదే. రోజుకి 120 సార్లంటే మొత్తం లెక్క రెండు టన్నులు దాటుతుంది. మార్కెట్ నుంచి ఐదు కిలోల కూరగాయల సంచి ఆ పల్చటి ప్లాస్టిక్ పిడి పట్టుకుని నాలుగు వీధులు నడిస్తేనే వేళ్ళు తెల్లబడి తిమ్మిరెక్కుతాయి, నువ్వు చేస్తున్నది దానికి మూడు నాలుగు రెట్లు, పైగా ప్రతిసారీ వదిలేటప్పుడు తాడు వేలి మీద రాసుకుంటూ పోతోంది.

చర్మం మూడు నాలుగు వారాల్లో గట్టిపడుతుంది. వేళ్ళని ముడిచే టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాళ్ళ లాంటివి, గట్టిపడాలంటే నెలలు పడుతుంది. నరం మాత్రం ఎన్నేళ్ళు లాగినా గట్టిపడదు, నలుగుతుంది అంతే. నీ ఫ్రెండ్ చెప్పిన పద్ధతిలో ఉన్న ప్రమాదం ఇదే. చర్మం ముందు గట్టిపడి నొప్పి తగ్గిపోతుంది, నొప్పి లేదు కదా అని ఇంకా ఎక్కువ వేస్తాం, లోపల నరం, టెండన్ సంగతి ఎవరికీ తెలీదు.

ఇది పుస్తకంలో చదివి చెప్పట్లేదు. నేను విజయవాడలో ఇండియన్ రౌండ్ అనే మన దేశీ పోటీ వెదురు విల్లుతో మొదలుపెట్టా, 50 మీటర్లు, 30 మీటర్ల దూరాలకి. తర్వాత లాంగ్‌బోకి మారినప్పుడు 45 పౌండ్లది చేతికొచ్చింది, ట్యాబ్ తీసేసి నెలన్నర వట్టి చేత్తో వేశా. కాయలు బ్రహ్మాండంగా కాచాయి, చూపించుకుని తిరిగేవాణ్ణి కూడా. తర్వాత ఒకరోజు పొద్దున చొక్కా గుండీ పెట్టుకుంటుంటే గుండీ వేళ్ళకి తగులుతున్నట్టే తెలియలేదు, చూసుకుంటూ పెట్టుకోవాల్సి వచ్చింది. నడిమి వేలు, ఉంగరపు వేలు కొనలకి స్పర్శ పూర్తిగా తిరిగి రావడానికి మూడు నెలలు పట్టింది, ఆ మూడు నెలలూ విల్లు ముట్టుకోలేదు. నువ్వు ఇంకా రెండో రోజులోనే ఉన్నావు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

తిమ్మిరి పూర్తిగా పోయాక ఇంకో వారం ఆగి మళ్ళీ మొదలుపెట్టు. రెండు వారాలైనా పోకపోయినా, ఊరికే కూర్చున్నప్పుడు కూడా చురుక్కుమంటున్నా, వేలు ముడిస్తే పొద్దున్నే టక్కుమని ఇరుక్కుని తెరుచుకుంటున్నా ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించు, విలువిద్య ప్రాక్టీస్ చేస్తున్నా అని చెప్పడం మర్చిపోకు, లేకపోతే కంప్యూటర్ వాడకం వల్ల అనుకుంటారు.

ఇక పూర్వం వాళ్ళంతా వట్టి చేత్తో వేశారన్న మాట. రామాయణం బాలకాండలో విశ్వామిత్రుడి వెంట బయల్దేరిన రామలక్ష్మణుల్ని వర్ణిస్తూ బద్ధగోధాంగుళిత్రాణౌ అని ఉంటుంది. అంగుళిత్రాణం అంటే వేళ్ళని కాపాడేది. గోధ అంటే ఉడుము, ఉడుము తోలు అన్నమాట, నారి దెబ్బ తగలకుండా ముంజేతికి కట్టే పట్టీని కూడా గోధ అనేవాళ్ళు. అంటే మనం ఆదర్శంగా చెప్పుకునే విలుకాళ్ళే వేళ్ళకి, చేతికి తోలు కట్టుకుని బయల్దేరారు. విరాటపర్వంలో అర్జునుడు తన చేతుల మీద నారి రాపిడికి కాచిన కాయలు దాచడం కష్టం, గాజులు వేసుకుని కప్పుతా అంటాడు కదా, అది నిజమే, కానీ అవి నారి వచ్చి తగిలి ముంజేతుల మీద కాచినవి. దాన్ని పట్టుకుని వేళ్ళ కాయలు వీరుడికి గుర్తు అనుకోకూడదు. (ఉడుము తోలు ఎక్కడ దొరుకుతుంది అని మాత్రం వెతకొద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం, మామూలు ఆవు తోలు చక్కగా సరిపోతుంది.)

ఏజెన్సీలో వట్టి చేత్తో వేసేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. కానీ ఒకటి ఆలోచించు, అడవికి వేటకి వెళ్ళిన మనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వేసే బాణాలు ఎన్ని? ఒక చేతి వేళ్ళు చాలు లెక్కపెట్టడానికి. చిన్నప్పటి నుంచి అలా కొంచెం కొంచెంగా అలవాటైన చెయ్యి అది. మనం గ్రౌండ్‌లో నిలబడి గంటన్నరలో 120 వేస్తున్నాం, రెండిటికీ పోలికే లేదు. మన విజయవాడ కుర్రాడు ధీరజ్ బొమ్మదేవర 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వేసింది చూసే ఉంటావు, మూడు వేళ్ళ మీదా ట్యాబ్ ఉంటుంది. జ్యోతి సురేఖ చేతికి ట్యాబ్ లేదేంటి అని పిల్లలు అడుగుతుంటారు, ఆ అమ్మాయిది కాంపౌండ్, అంటే కొనల్లో కప్పీలుండే విల్లు, అక్కడ నారిని పట్టేది రిలీజ్ ఎయిడ్ అనే పరికరం, వేళ్ళు నారికి తగలనే తగలవు. అంతటివాళ్ళే వేళ్ళు కాపాడుకుంటుంటే మనమెంత.

ట్యాబా గ్లవ్వా అంటే నేర్చుకునేవాడికి నా ఓటు ట్యాబ్‌కే. మూడు వేళ్ళకీ అడ్డంగా ఒకే తోలు ముక్క కాబట్టి వేళ్ళు విడివిడిగా నారిని లాగవు, రిలీజ్, అంటే నారి వదలడం, శుభ్రంగా వస్తుంది, గాలి ఆడుతుంది కాబట్టి మన ఎండల్లో చెమట పట్టి నానదు. గ్లవ్ ఎవరికి మంచిదంటే పొద్దంతా నడుస్తూ, ఎక్కుతూ దిగుతూ వేసేవాళ్ళకి, చెయ్యి ఖాళీగా ఉంటుంది, మాటిమాటికీ ట్యాబ్ తిప్పుకోవాల్సిన పని లేదు. కానీ గ్లవ్ కొంటే వేళ్ళ కొనల దగ్గర కుట్టు ఎక్కడుందో చూడు, కుట్టు నారి కింద పడితే అదే ఇంకో బొబ్బ. మే నెలలో రెండు గంటలు వేశాక వేళ్ళు ఉబ్బుతాయి, పొద్దున షాపులో సరిగ్గా సరిపోయిన గ్లవ్ అప్పుడు బిగుసుకుపోతుంది, అది కూడా లెక్క వేసుకో. నారికి తొడిగే రబ్బరు గొట్టాలు అమ్ముతారు, చిన్నపిల్లల 15, 20 పౌండ్ల విల్లులకి బావుంటాయి, నీ విల్లుకి వద్దు.

డబ్బులు పెట్టగలిగితే కార్డోవన్ ట్యాబ్ కొనుక్కో, గుర్రం వెనక భాగం తోలు అది, గట్టిగా నున్నగా ఉండి చాలాకాలం వస్తుంది. లేకపోతే నేను ఇన్నాళ్ళూ చేసినట్టే నువ్వే చేయించుకో. మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన ఉంటాడు, మొదటిసారి వెళ్ళి రెండు, రెండున్నర మిల్లీమీటర్ల ఆవు తోలు కావాలంటే ఎందుకు బాబూ అన్నాడు, విల్లు తీసుకెళ్ళి చూపించా. ఆయన నారి లాగి చూసి, తోలు రెండు వైపులా బొటనవేలితో రుద్ది, నున్నటి వైపు తాడుకి పెట్టు, గరుకు వైపు నీ వేళ్ళకి పెట్టు, లేకపోతే తాడు పట్టేస్తుంది అన్నాడు. విల్లు ఎప్పుడూ పట్టని మనిషి, తోలు తెలుసు కాబట్టి ఒక్క నిమిషంలో చెప్పేశాడు. కాగితం మీద నీ మూడు వేళ్ళూ పెట్టి కొనల నుంచి రెండో కణుపు దాకా గీసుకో, నడిమి వేలు దూర్చడానికి ఒక రంధ్రం, చూపుడు వేలికీ నడిమి వేలికీ మధ్య బాణం నాక్ (నారికి తగిలించే వెనక కొన) కూర్చోవడానికి చీలిక, అంతే. ఆ చీలిక దగ్గర లోపలి వైపు చిన్న తోలు దిమ్మ ఒకటి అతికించమను, దాన్ని స్పేసర్ అంటాం. అది ఉంటే రెండు వేళ్ళూ నాక్‌ని నొక్కవు. నడిమి వేలి పై అంచున, నాక్ పక్కన బొబ్బలు లేచే వాళ్ళలో సగం మందికి ఆ చిన్న దిమ్మతోనే తగ్గిపోవడం చూశా.

కొత్త తోలు మొదట్లో చెక్కలా ఉంటుంది, విసుగొచ్చి నూనె పట్టించొద్దు. నూనె తాగిన తోలు మెత్తబడి నారి అందులో దిగబడుతుంది. చేత్తో అటూ ఇటూ వంచుతూ, కాస్త టాల్కం పౌడర్ రాసి తక్కువ బరువు విల్లుతో రెండు మూడు వందల బాణాలు వెయ్యి, అదే దారికొస్తుంది. ఎప్పుడూ రెండు ట్యాబులు అలవాటు చేసి పెట్టుకో, ఒకటి తడిస్తే ఇంకోటి. పోటీ రోజు కొత్త ట్యాబ్ మాత్రం తీయకు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా, ఎందుకంటే ట్యాబ్ వేసుకున్నా పట్టు తప్పుగా ఉంటే వేళ్ళు పాడవుతూనే ఉంటాయి. మొదటిసారి నేర్చుకునేవాళ్ళు భయంతో నారిని వేళ్ళ కొనల మీద, ఆ మెత్తటి భాగం మీద పట్టుకుంటారు, అక్కడ పట్టుకుంటే నారి జారిపోకుండా వేళ్ళు గట్టిగా ముడిచి ఉంచాలి, దానివల్ల ముంజేయి అంతా బిగుసుకుంటుంది, టెండన్ మీద భారం, పైగా వదిలేటప్పుడు తాడు కొన మొత్తం గీసుకుంటూ పోతుంది. గోరు దగ్గరి మొదటి కణుపు మడతలో నారి కూర్చోవాలి, నడిమి వేలు పొడవు కాబట్టి దానికి మడత దాటి కొంచెం లోపలికి పడుతుంది, పర్లేదు. కొక్కెంలా ఆ కణుపులు మాత్రమే వంగాలి, చేతి వెనక భాగం మణికట్టు నుంచి చదునుగా ఉండాలి. వదలడం అంటే వేళ్ళు తెరవడం కాదు, పట్టు సడలించడం, నారి తనంతట తనే వేళ్ళని పక్కకి తోసుకుని పోతుంది. వేళ్ళు విదిలించి తెరిచేవాడికి, చెయ్యి ముఖానికి దూరంగా లాగి వదిలేవాడికి చర్మం ఎప్పుడూ చిరుగుతూనే ఉంటుంది.

నీ పట్టు ఎలా ఉందో నీకే తెలియాలంటే ఒక పని చెయ్యి. నారి మీద వేళ్ళు పట్టే చోట సుద్దముక్కతో బాగా రుద్ది ఆరు బాణాలు వేసి ట్యాబ్ తీసి చూడు. తెల్ల గీత మూడు వేళ్ళ మీదా మడత వెంట సన్నగా, తిన్నగా పడితే బావున్నట్టు. వెడల్పుగా అలికినట్టు పడితే నారి వేళ్ళ మీద దొర్లుతోంది. ఉంగరపు వేలి దగ్గర అసలు పడకపోతే ఆ వేలు పని చెయ్యట్లేదు, దాని భారమంతా నడిమి వేలు మోస్తోంది, నీ కేసు నాకు ఇదే అనిపిస్తోంది. పిల్లలకి నేర్పేటప్పుడు ముందు వాళ్ళ వేళ్ళే చూస్తా, కాయ ఎక్కడుందో చూస్తే చాలు రిలీజ్ ఎలా ఉందో చెప్పొచ్చు. చూపుడు వేలి కింది అంచున కాయ ఉంటే నాక్‌ని నొక్కుతున్నాడు, ఉంగరపు వేలి బయటి అంచున ఉంటే మణికట్టు తిప్పుతున్నాడు.

విల్లు, నారి కూడా చూసుకో. పొట్టి విల్లు బాగా లాగితే నారి రెండు వైపుల నుంచీ కోణంలా ముడుచుకుని వేళ్ళని నొక్కేస్తుంది, నీ విల్లు 60 అంగుళాల్లోపు ఉండి నీ లాగుడు (నారిని ఎంత దూరం లాగుతావో అది) 29 అంగుళాలైతే ఎంత మంచి ట్యాబ్ వేసినా ఉంగరపు వేలు గోల పెడుతుంది. అలాంటప్పుడు విల్లు మార్చడమే, 66 లేదా 68 అంగుళాలది హాయిగా ఉంటుంది. నారి ఏ దారంతో చేసిందో, డాక్రాన్‌దా ఫాస్ట్‌ఫ్లైట్‌దా చూడు, డాక్రాన్ కాస్త సాగుతుంది, లావుగా ఉంటుంది, వేళ్ళకి మెత్తన. మధ్యలో చుట్టిన సర్వింగ్ దారం లేచిపోయి ఉంటే అది బ్లేడులా కోస్తుంది, వెంటనే మళ్ళీ చుట్టించు.

ఇంకో మాట, 40 పౌండ్లు మొదటి విల్లుగా ఎక్కువే. అమ్మేయమనను, దాచుకో. ఎవరి దగ్గరైనా 22, 25 పౌండ్లది తీసుకుని మొదటి నెల రోజు విడిచి రోజు 40 బాణాలు వెయ్యి, అంతే. రెండో నెల 60, 70కి వెళ్ళు, వారానికి ఒకరోజు పూర్తి విశ్రాంతి. బరువు పెంచే వారం బాణాల సంఖ్య పెంచకు, సంఖ్య పెంచే వారం బరువు పెంచకు. 40కి రావడానికి ఐదారు నెలలు పట్టనీ. అది నాకు చాలా నెమ్మది అనిపించేది, ఇప్పుడు నా దగ్గరికొచ్చే కుర్రాళ్ళందరికీ అదే చెప్తున్నా, ఒక్కరి వేళ్ళు పాడవలేదు.

విల్లు పట్టని రోజుల్లో చెయ్యి ఊరికే ఉంచక్కర్లేదు. పాత సైకిల్ ట్యూబ్ అంగుళం వెడల్పు చీల్చి కిటికీ చువ్వకి కట్టి, ట్యాబ్ వేసుకుని, నారి లాగినట్టే లాగి పది పదిహేను సెకన్లు పట్టుకుని నెమ్మదిగా వదులు, విదిలించి వదలొద్దు. ఆరేడు సార్లు చాలు. వేళ్ళు ముడిచే పని ఎక్కువ చేస్తాం కాబట్టి తెరిచే కండరాలకీ పని చెప్పాలి. ఐదు వేళ్ళ కొనలూ దగ్గరపెట్టి చుట్టూ రబ్బర్ బ్యాండ్ వేసి ఇరవైసార్లు తెరువు. ఇంట్లో బియ్యం డబ్బా ఉంటుంది కదా, శుభ్రంగా చేతులు కడుక్కుని, ఆరాక, మణికట్టు దాకా అందులో పెట్టి లోపలే వేళ్ళు తెరుస్తూ మూస్తూ రెండు నిమిషాలు ఉండు, మా అమ్మ మొదట్లో కోప్పడేది, తర్వాత నాకోసమే విడిగా పాత డబ్బాలో నూకలు పోసి పెట్టింది.

చర్మం సంగతి. పటిక, స్పిరిట్ రాస్తే చర్మం ఎండుతుంది, గట్టిపడినట్టే ఉంటుంది, రెండు వారాల్లో పగుళ్ళిస్తుంది, ఆ పగులు మీద నారి పడితే ప్రాణం పోయినట్టుంటుంది. వద్దు. కావాల్సింది ఎండిన తోలు కాదు, సాగే గుణం ఉన్న గట్టి చర్మం. రాత్రి పడుకునే ముందు కొబ్బరినూనె చుక్క రాసుకో, పొద్దున కడిగేసెయ్, వేసేముందు మాత్రం చెయ్యి పొడిగా ఉండాలి, తడి చర్మానికి రాపిడి ఎక్కువ, బొబ్బ త్వరగా లేస్తుంది. అందుకే స్నానం చేసి వేళ్ళు నాని ఉన్నప్పుడు, గిన్నెలు కడిగిన వెంటనే వేయొద్దు. కాయ మందంగా లేస్తే స్నానంలో మెత్తబడ్డాక కాళ్ళు రుద్దే రాయితో పైపైన రుద్దు, చదునుగా ఉంచు. బ్లేడుతో కోయొద్దు. గుట్టలా పెరిగిన కాయ అంచు నారికి తట్టుకుంటుంది, దాని కిందే రక్తం బొబ్బ లేస్తుంది, అది మామూలు బొబ్బ కన్నా చాలా నొప్పి.

ఇప్పుడు పగిలిన బొబ్బ చర్మం పీకెయ్యకు. సబ్బు నీళ్ళతో కడిగి, ఆ చర్మాన్ని అలాగే పరిచి, బ్యాండేజ్ వెయ్యి, రాత్రి గాలికి వదిలెయ్. చుట్టూ ఎర్రబడి వేడిగా ఉన్నా, చీము పట్టినా డాక్టర్ దగ్గరికి వెళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు అంతదాకా కూడా ఆగొద్దు.

థంబ్ రింగ్ గురించి అడిగావు. అది వేరే విద్య. బొటనవేలు నారి చుట్టూ మడిచి చూపుడు వేలితో దాన్ని బిగిస్తారు, టర్కీ, మంగోలియా, కొరియా, మన మొఘలులు అంతా అలాగే వేసేవాళ్ళు, పొట్టి విల్లుల్లో మూడు వేళ్ళు నలుగుతాయన్నాను కదా, ఒక్క వేలితో లాగితే ఆ బాధ లేదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో షాజహాన్ బిరుదు చెక్కిన ఆకుపచ్చ జేడ్ రాతి ఉంగరం ఉంది, వెళ్తే దాని ముందు ఒక్క నిమిషం ఆగి చూడు. అది మామూలు ఉంగరంలా గుండ్రంగా కాదు, ఒక వైపు నాలుకలా సాగి ఉంటుంది, ఆ నాలుక బొటనవేలి మెత్తటి భాగాన్ని కప్పుతుంది. నాకు ఏకలవ్యుడి కథ ఇలాంటి ఉంగరం పెట్టుకున్నాకే నిజంగా అర్థమైంది. మూడు వేళ్ళ పట్టులో బొటనవేలికి పనే లేదు, అరచేతిలో ముడుచుకుని ఉంటుంది, ఆ వేలు ఇచ్చేస్తే విద్య ఎలా పోతుంది అనిపించేది. బొటనవేలితో లాగేవాడికి ఆ వేలు పోతే మొత్తం పోయినట్టే.

నువ్వు మాత్రం ఇప్పుడే అటు వెళ్ళకు, మూడు వేళ్ళు బాగుపడేదాకా బొటనవేలు పాడు చేసుకోవడమే అవుతుంది. వెళ్ళిన రోజు లోహం ఉంగరంతో కాకుండా తోలు ఉంగరంతో, 20 పౌండ్లతో మొదలుపెట్టు. సైజు కోసం ఒక గుర్తు, లోపలి రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో ఉండాలి, పక్కకి తిప్పి కణుపు దాటించి మళ్ళీ సరిగ్గా తిప్పితే ఊడకూడదు, చెయ్యి కిందికి విదిలించినా జారకూడదు. ఎండాకాలం వేలు ఉబ్బుతుంది కాబట్టి సాయంత్రం పూట కొలిపించు.

సుద్ద పరీక్ష చేశాక ట్యాబ్ ఫోటో ఒకటి పెట్టు, వెలుగు పక్క నుంచి పడేలా తియ్యి, గీత బాగా కనపడుతుంది. విల్లు పొడవు, నీ లాగుడు ఎన్ని అంగుళాలు అన్నది కూడా రాయి, అవి రెండూ చెప్పలేదు నువ్వు. ట్యాబ్ తోలు ముక్క కత్తిరించే ముందు ఆ కొలతలు చూసి చెప్తా. అప్పటిదాకా నూకల డబ్బా, రబ్బర్ బ్యాండ్ అంతే, అవి కూడా వేలు తిమ్మిరెక్కకుండా ఉంటేనే, విల్లు గోడకే ఉండనీ.